వైరస్ పోయాక తెరుచుకోని బ్రౌజరు

(మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్ గురించి చెప్పడానికి సోషియాలజీ మనిషి ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. గృహహింస దరఖాస్తులు, కౌన్సెలింగ్ నోట్సు, ఇల్లు వదిలొచ్చిన స్త్రీలు ఇప్పుడెక్కడ ఉంటున్నారన్న వివరాలు మన ఆఫీసుల్లో చాలావరకు ఒకే కంప్యూటర్లో ఉంటాయి. అది మొరాయిస్తే ఎవరి చేతికి వెళుతుందనేది కేవలం యంత్రానికి సంబంధించిన విషయం కాదు.

మామూలుగా జరిగేది ఇది. పెన్‌డ్రైవ్‌లోంచి వైరస్ వస్తుంది. యాంటీవైరస్ దాన్ని తీసేస్తుంది. ఆ తర్వాత బ్రౌజరు ఒక్క పేజీ కూడా తెరవదు. క్రోమ్ తీసేసి మళ్ళీ ఎక్కించినా అంతే. షాపులో అడిగితే "ఫార్మాట్ కొట్టేద్దాం మేడమ్" అంటారు. పోలీస్ స్టేషన్లో "సర్దుకుపోండమ్మా" అన్నట్టే ఉంటుంది నాకా మాట. కారణం వెతికే ఓపిక లేనిచోట పుట్టే సలహా అది.

ఇలాంటప్పుడు జబ్బు చాలాసార్లు బ్రౌజరుది కాదు. వైరస్ మార్చిపెట్టిన దారులు అది పోయాక కూడా అలాగే ఉంటాయి. డిఎన్ఎస్ ఛేంజర్ సంగతే చూడండి. మనం టైపు చేసే వెబ్‌సైటు పేరుకు అంకెల చిరునామా వెతికిపెట్టేది డిఎన్ఎస్. ఈ వైరస్ ఆ వెతుకులాటను మోసగాళ్ళ సర్వర్ల వైపు మళ్ళించింది. దాదాపు 40 లక్షల కంప్యూటర్లకు సోకింది. 2011 నవంబరులో ఎస్టోనియాలో నిందితులను అరెస్టు చేశారు. బాధితుల ఇంటర్నెట్ ఒక్కసారిగా ఆగిపోకుండా కోర్టు అనుమతితో తాత్కాలిక సర్వర్లు నడిపి, 2012 జులై 9న ఆపేశారు. అప్పటికీ సెట్టింగులు సరిచేసుకోని వాళ్ళకు వెబ్‌సైట్లు తెరుచుకోవడం మానేశాయి.

కాబట్టి ముందు అదే వైఫైతో ఒక ఫోను పెట్టి చూడండి. ఫోనులో పేజీలు వస్తే లైను బాగున్నట్టే. ఫోను కూడా తప్పుదారి పడుతుంటే రౌటర్లోని డిఎన్ఎస్‌ను అనుమానించాలి.

తర్వాత విండోస్ సెట్టింగుల్లో ప్రాక్సీ చూడండి. మీ ఆఫీసు పెట్టుకోని ప్రాక్సీ అక్కడ ఆన్ అయి, 127.0.0.1 అని కనిపిస్తే దొంగ దొరికినట్టే. అది ఆ కంప్యూటర్ సొంత చిరునామా. వైరస్ తనను దళారీగా నిలబెట్టుకుంది. ఇప్పుడు దళారీ లేడు, బ్రౌజరు మాత్రం ఖాళీ ఇంటి తలుపు కొడుతూనే ఉంది. దాన్ని ఆఫ్ చేస్తే చాలు. చాలాచోట్ల కథ ఇక్కడే ముగుస్తుంది. ముగియకపోతే డిఎన్ఎస్‌ను ఆటోమేటిక్‌కు మార్చండి. అప్పటికీ రాకపోతే విండోస్ 10, 11లలో "నెట్‌వర్క్ రీసెట్" ఉంది. వైఫై పాస్‌వర్డ్ మళ్ళీ అడుగుతుంది, దగ్గర పెట్టుకోండి.

మార్చిన సెట్టింగు మర్నాటికి మళ్ళీ మొదటికొస్తే వైరస్ ఇంకా లోపలే ఉంది. డిఫెండర్లో ఆఫ్‌లైన్ స్కాన్ చేయండి. 2017లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం కూడా ఉచిత సాధనాలు ఇస్తోంది. ఈలోగా ఆ కంప్యూటర్ మీద మెయిల్ పాస్‌వర్డ్ మార్చకండి. కొత్తది కూడా దొంగ చేతికే పోవచ్చు. వేరే యంత్రం మీద మార్చండి.

ఇవన్నీ చేసినా షాపుకు తీసుకెళ్ళక తప్పని రోజు రావచ్చు. అప్పుడు కేసు ఫైళ్ళను బయటి డ్రైవులోకి ఎక్కించి, కంప్యూటర్లోంచి తీసేసి పంపండి. పంపినా వదిలేసి రాకండి, పని అయ్యేదాకా మనలో ఒకరు పక్కన కూర్చోండి. ఆ డ్రైవును స్కాన్ చేయకుండా బాగైన యంత్రానికి తగిలించకండి.