అడగడం యాచన కాదు
(పరకాలలో విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన పరకాల నియోజకవర్గంలోనే, గీసుగొండ, సంగెం మండలాల్లో, కాకతీయ మెగా జౌళి పార్కు ఉంది. 2017 అక్టోబరు 22న దానికి శంకుస్థాపన జరిగింది. కేరళకు చెందిన కిటెక్స్, దక్షిణ కొరియాకు చెందిన యంగ్‌వన్ అక్కడికి వచ్చాయి. మడికొండలో 2020 జనవరిలో టెక్ మహీంద్రా, సైయంట్ కార్యాలయాలు ప్రారంభమయ్యాయి. పరిశ్రమ మన గడపకు వచ్చింది. మన పిల్లలు దాని గడప తొక్కారా?

బంధువు ఏదో కంపెనీలో ఉన్న ఇంట్లో ఇంటర్న్‌షిప్ ఒక్క ఫోనుతో దొరుకుతుంది. తండ్రి మెకానిక్‌గానో, పండ్ల బండి మీదనో బతుకు వెళ్లదీసే ఇంట్లో ఆ ఫోను చేసేవారుండరు. ఆ లోటును మన ఉత్తరమే పూడ్చాలి.

పేరు చూసి పక్కన పెడతారన్న భయం నిరాధారం కాదు. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ సమాన అర్హతలు చూపుతూ, పేర్లు మాత్రమే మార్చి ప్రైవేటు ఉద్యోగాలకు దరఖాస్తులు పంపించారు. అగ్రకుల హిందూ పేర్లతో పోలిస్తే ముస్లిం పేర్లకు పిలుపు వచ్చే అవకాశం దాదాపు మూడో వంతేనని 2007లో ప్రకటించారు. అయినా పేరు దాచుకోవద్దు, అడగడం మానవద్దు.

చట్టం కూడా మనకు కొంత అండగా ఉంది. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద, 2019 సవరణ నిబంధనల ప్రకారం, 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థ తన సిబ్బందిలో 2.5 నుండి 15 శాతం మేరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి, వారికి స్టైపెండ్ ఇవ్వాలి. కనుక అప్రెంటిస్‌గా తీసుకోమని అడగడం యాచన కాదు.

ఉత్తరం ఒక్క పేజీ చాలు. ఏం చదువుతున్నారు, ఏ పని వచ్చు, ఏ విభాగంలో, ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు నేర్చుకోదలచారు అన్నవి స్పష్టంగా రాయండి. ప్రిన్సిపాల్ లేఖ జతచేయండి. పది రోజుల్లో జవాబు రాకపోతే మర్యాదగా ఫోను చేయండి. ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామని డబ్బు అడిగేవారిని నమ్మవద్దు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఆడపిల్లను వద్దనే ముందు సంస్థను ప్రశ్నించండి: పని వేళలు ఏమిటి, బస్సు ఉందా, 2013 చట్టం ప్రకారం మహిళల ఫిర్యాదుల కమిటీ ఉందా? పది మంది, అంతకు మించి పనిచేసే చోట ఆ కమిటీ తప్పనిసరి. జవాబు విన్న తరువాతే నిర్ణయించండి.

చివరగా, ప్రతి బస్తీలో ఒక రిజిస్టరు పెట్టండి. ఎవరు, ఏ సంస్థకు, ఎప్పుడు రాశారు, ఏ జవాబు వచ్చింది అన్నది నమోదు చేయండి. అదే కళాశాలలో, అవే మార్కులతో రాసిన ఇతర విద్యార్థులకు ఏ జవాబు వచ్చిందో కూడా రాయండి. తలుపు తీసిన సంస్థకు కృతజ్ఞత చెప్పడానికి, తీయని సంస్థల గురించి మైనారిటీ కమిషన్ ముందు మాట్లాడడానికి ఆ రిజిస్టరే పనికివస్తుంది. నోటిమాటగా మిగిలిన బాధను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కాగితం మీదికి ఎక్కిన బాధకు జవాబు చెప్పక తప్పదు.

ఖుదా హాఫిజ్.