మరల రంగమెక్కిన సత్యభామలు



కల్లములో మిరపకాయలు ఎఱ్ఱగా పరచియుండును. ప్రత్తి యమ్మిన రైతు చేతిలో నాలుగు రూపాయలు ఆడుచుండును. పిడుగురాళ్ల సున్నపు బట్టీలలో పగటిపని ముగించిన కూలీలు ఒడలికంటిన తెల్లని పొడి కడుగుకొని, చాపలు చంకబెట్టుకొని, నాటకపు పందిరివైపు సాగుదురు. పల్నాటిసీమలో పెరిగినవారికి ఈ దృశ్యము క్రొత్త కాదు. అట్టి యొక రాత్రి నా ముందు నడచుచున్న యిద్దఱి సంభాషణము నాకిప్పటికిని జ్ఞాపకమున్నది.

“ఏరా అబ్బాయ్, ఈ యేడు గూడా ఆ సత్యభామేనంటనా?”

“ఆయనే బాబాయ్. పోయినేటికంటే బాగా ఆడతాడో, చల్లబడ్డాడో చూద్దాం పద.”

“ఆ సత్యభామ”, “ఆయనే”. ఈ రెండు మాటలును ఎట్టి తడబాటును లేక ఒకదాని ప్రక్క నొకటి యిమిడిపోయినవి. వినువారికిని, చెప్పువారికిని అందు వింత యేమియు తోచలేదు.

అమెరికా దేశమున 2009వ సంవత్సరమున ప్రారంభమైన యొక టెలివిజన్ పోటీని గూర్చి తెలిసికొన్నప్పుడు నాకు ఆ బాబాయి ప్రశ్నయే మనసున మెదలినది. ఆ పోటీ పేరు “రూపాల్స్ డ్రాగ్ రేస్”. పురుషుడు స్త్రీవేషము దాల్చి, ఆడి, పాడి, హాస్యమాడి మెప్పించు విద్యను వారు డ్రాగ్ అందురు. రూపాల్ అను ప్రసిద్ధ నటుడే దానికి నిర్వాహకుడు, న్యాయనిర్ణేత. పోటీకి వచ్చినవారు తమ దుస్తులను తామే కుట్టుకొనవలెను, పేరుపడిన వ్యక్తులను అనుకరింపవలెను, నటింపవలెను. వారము చివర వెనుకబడిన యిద్దఱు ఒకే పాటకు పెదవులు కదలించుచు, ఎదురెదురుగా అభినయింతురు. ఓడినవారు ఇంటిదారి పట్టుదురు. కడపట నిలిచినవారికి కిరీటము, ధనము లభించును. 2012లో దీనికి తోడుగా “ఆల్ స్టార్స్” అను మఱియొక పోటీ వెలసినది. పూర్వము పాల్గొని, కిరీటమందక వెళ్ళిపోయినవారు దానిలో మరల వచ్చి నిలిచిరి. 2022లో ఒకసారి, మునుపు గెలిచినవారినే తెచ్చి మరల పోటీ పెట్టిరి; ఆసారి ఎవ్వరిని ఇంటికి పంపలేదు. ఇట్టి పోటీలు థాయిలాండు, బ్రిటన్, కెనడా మున్నగు దేశములకును వ్యాపించినవి. 2020లో కెనడాలో తొలి కిరీటమును ధరించినది ప్రియాంక యను రంగస్థలనామము గల కళాకారుడు. అతని పూర్వులు గయానా దేశమునందు స్థిరపడిన భారతీయులు.

ఈ సంగతి వినగానే మన యిండ్లలో కొందఱు ముక్కుపై వ్రేలు వేసికొందురు. నాకట్లు తోచలేదు. మన యింటి అటకమీద చాలకాలముగా నున్న పాత పెట్టెను పొరుగువారు తెఱచి చూపినట్లు తోచినది.

కూచిపూడి భామాకలాపమును చూచినవారు ఆలోచింపుడు. తెరవెనుక నిలిచిన సత్యభామ తన జడను తెరపైనుండి ఇవతలికి విడుచును. అది కేవలము అలంకారము కాదు, సవాలు. తన్ను నృత్తమునందును, అభినయమునందును, శాస్త్రమునందును ఓడింపగలవారెవ్వరైన నున్నచో ఆ జడను కోయవచ్చునని దాని భావము. ఆ జడ ధరించినవాడు పురుషుడు. సిద్ధేంద్రయోగి పేర ప్రసిద్ధమైన ఆ సంప్రదాయమున తరతరములుగా కూచిపూడి కుటుంబములలోని మగవారే సత్యభామలైరి. అనగా స్త్రీవేషము, పోటీ అనునవి రెండును ఆ తెరమీదనే జంటగా వ్రేలాడుచున్నవి.

ఆ జడను మా కాలమువారు చూడగా ధరించినవారిలో అగ్రగణ్యుడు వేదాంతం సత్యనారాయణశర్మ. 1935లో జన్మించి, 2012లో కీర్తిశేషుడయ్యెను. 1961లో సంగీత నాటక అకాడమీ పురస్కారమును, 1970లో పద్మశ్రీని పొందినాడు. సత్యభామయేకాక, ఉష, మోహిని మొదలగు పాత్రలను ధరించెను. ఏండ్లు గడచినకొలది శరీరము బరువెక్కును, ముఖముపై గీతలు పడును. సత్యభామ మాత్రము నిత్యయౌవన. ఈ రెంటిని ఏకకాలమున మోయుట ఎంత కష్టమో వేషము కట్టినవానికే తెలియును.

మా గుంటూరు సీమ విషయమునకు వచ్చినచో, స్థానం నరసింహారావుగారిని తలపక ముందడుగు వేయజాలము. ఆయన 1902లో బాపట్లలో జన్మించెను. 1920లో అక్కడ హరిశ్చంద్ర నాటకమునందు చంద్రమతి వేషము కట్టవలసిన నటుడు సమయమునకు రానందున, ఆ వేషము ఈయన మీద పడినదని ప్రసిద్ధి. ఒకని గైర్హాజరు ఆంధ్ర రంగస్థలమునకు అర్ధశతాబ్ది భాగ్యమై పరిణమించినది! తరువాత ఆయన తెనాలి శ్రీరామ విలాస సభలో చేరెను. చిత్రాంగి, రోషనార, చింతామణి, మధురవాణి మున్నగు పాత్రలు ఆయనవి. అన్నిటికి మించినది శ్రీకృష్ణ తులాభారమునందలి సత్యభామ. “మీరజాలగలడా” అను పాటను ఆయన ఆ పాత్రకొఱకే సమకూర్చుకొనెను. 1966లో ఆ కథ చలనచిత్రమై వచ్చినప్పుడు జమున సత్యభామగా నటింపగా, ఆ పాటను పి. సుశీల పాడిరి. ఇది నాకు మిక్కిలి ముచ్చటైన సంగతి. ఒక పురుషుడు స్త్రీగా నటించుటకై కూర్చుకొన్న పాటను స్త్రీలు పాడి యాడి, తెలుగిండ్లన్నిటను నిలిపిరి. 1956లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నొసగెను. 1971లో పరమపదించెను. తన అనుభవములను “నటస్థానం” అను గ్రంథమున వ్రాసియుంచెను.

ఇంతకును బాబాయి ప్రశ్నకు వత్తము. మన కంట్రాక్టు నాటకములందు న్యాయనిర్ణేతలు బల్లవెనుక కూర్చుండెడివారు కారు, చాపలమీద కూర్చుండెడివారు. ఒకే నాటకమున ఒక రంగమునకు ఒక కృష్ణుడు, మఱియొక రంగమునకు వేఱొక కృష్ణుడు. ఇద్దఱిలో ఎవరి పద్యమునకు “వన్స్‌మోర్” లెక్కువ పడినవో తెల్లవారి కాఫీ హోటలు దగ్గఱ లెక్కలు తేలెడివి. అట్టి శ్రోతలముందు రెండవయేడు వచ్చి నిలుచుట సామాన్యము కాదు. మొదటియేడు వచ్చిన నటుని ఎవ్వరు నెఱుగరు. బాగుగా నాడినచో లాభము, ఆడకున్న నష్టము లేదు. రెండవయేడు అతనికి ఎదుటి పక్షము ఎవరనగా, నిరుటి తానే. పైగా ప్రేక్షకుని జ్ఞాపకమున నిరుటి పాట ఏడాదిపాటు నాని, ఉన్నదానికంటె తీయనైయుండును. అమెరికావారి పోటీకి మరల వచ్చినవారిలో సయితము కొందఱు మొదట తెచ్చిన హాస్యమునే మరల తెచ్చి చెడుదురు. మఱికొందఱు దానిని పూర్తిగ విడిచి, తమకున్న గుర్తింపును పోగొట్టుకొందురు. మా పందిళ్లలోను ఇదియే జరిగినది.

ఒక దోషమును దాచరాదు. పురుషులు స్త్రీపాత్రలు ధరించుటకు మూలము కళాభిలాష మాత్రమే కాదు. స్త్రీలను రంగమెక్కనీయకుండుటయు నొక మూలము. జపానులో 1629లో స్త్రీలు కబుకి ఆడరాదని శాసించిన తరువాత ఆ వేషములు మగవారి పాలయినవి. ఇంగ్లండులో 1660 తరువాతగాని స్త్రీలు వృత్తినాటకములందు నిలువలేదు. మనలో 1885లో కడప సీమయందు పుట్టిన సురభివారు కుటుంబస్త్రీలకే స్త్రీపాత్రల నిచ్చి మేలు చేసిరి. తక్కిన రంగస్థలమున ఆ మార్పు మెల్లగా వచ్చినది. వచ్చినందుకు నేను సంతసించువాడనే. స్థానంవారి చీరకట్టును, మహారాష్ట్రమున బాలగంధర్వుని చీరకట్టును గృహిణులు అనుకరించిరని గొప్పగా చెప్పుకొనుటకు ముందు, ఆ గృహిణులకు రంగముమీద చోటెందుకు లేకపోయెనో అడుగవలసియున్నది.

మఱియొక మాట. వేషము వేఱు, జీవితము వేఱు. రంగముమీద సత్యభామయైన వాడు తెల్లవారి పంచె కట్టుకొని పొలము పోవచ్చును. పుట్టుకనాడు మగవారని లెక్కింపబడినను, తమ్ము స్త్రీలుగా నెఱిగి ఆవిధముగనే బ్రదుకువారును కలరు. వారిది నటన కాదు. 2014లో సుప్రీంకోర్టు వారి హక్కును గుర్తించినది. ఈ రెంటిని కలగాపులగము చేసి, నటుని ఎగతాళి చేయుట, వారిని నటులనుట — రెండును తప్పే.

ఎగతాళి యనగా జ్ఞప్తికి వచ్చినది. మా ప్రాంతమున చంద్రమతి వేషము కట్టెడి యొక నటుడుండెను. పేరు చెప్పను. పల్లెలలో తండ్రి బ్రతికియుండగా మీసము తీయుట అపశకునమందురు. ఆ మాట అతడు ఎన్నిమార్లు పడెనో! ఒక రాత్రి కాటి రంగమున, బిడ్డ శవమును ఒడిలో నుంచుకొని అతడు రాగమెత్తగా, వెనుక వరుసనుండి ఎవడో వెకిలికూత కూసెను, జనము నవ్విరి. అతడు రంగము పూర్తిచేసెను. ఆ తెల్లవారి మీసము పెంచ మొదలుపెట్టి, సున్నపు బట్టీలో లెక్కలు వ్రాయు పనిలో కుదిరెను. అయిదేండ్లు నాటకము పేరెత్తలేదు.

ఆఱవయేట ఒక పరిషత్తు పోటీకి అతని సమాజమువారు మరల పిలిచిరి. పోటీకి ముందురోజున మా యింటికి వచ్చినప్పుడు మీసము లేదు. నేను చూచి ఊరకుంటిని. “అడగరేం మాస్టారూ?” అనెను. “అడిగేదేముంది, రేపు వస్తాను” అంటిని.

మరునాడు మొదటి పద్యమునకే నవ్వులు వినబడినవి. వాటిని అణచవలెనని అతడు గొంతు పెంచలేదు, తగ్గించెను. వినవలెనన్న నవ్వు మానక తప్పదు. కాటి రంగము వచ్చుసరికి నా ప్రక్కనున్న మిరపకాయల వ్యాపారి తువాలు కన్నులకద్దుకొనుచుండెను. బహుమానము మాత్రము అతనికి రాలేదు. అదే నాటకమును మఱియొక సమాజమువారు ఆడగా, అందు చంద్రమతి పాత్ర ధరించిన యువతికి వచ్చినది. ఆమె నిజముగ బాగుగా నటించినది. తిరిగి వచ్చుచు బస్సులో ఆ మాటయే అంటిని.

“అవును మాస్టారూ, ఆ అమ్మాయి మహా బాగా చేసింది. కాకపోతే ఆ అమ్మాయి ఏడిస్తే జనం ఏడ్చారు. నేను ఏడిస్తే ముందు నవ్వారు, తరవాత ఏడ్చారు. నాది రెండు పనులు గదా” అనెను.

న్యాయనిర్ణేతల మార్కుల కాగితమున ఆ రెండవ పనికి గడి లేదు. కొంతసేపటికి, బస్సు పిడుగురాళ్ల చేరుచుండగా, వచ్చే యేడు పరిషత్తువారు ఏ నెలలో పెట్టుదురో కనుగొనవలెనని నాకు చెప్పెను.