కరెంటు కారు కొనబోయే ముందు
(రేడియో స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



కారు కొనడం మగవాళ్ళ వ్యవహారమనీ, రంగు చెప్పడం వరకే మన వంతనీ మొన్నమొన్నటిదాకా నేనూ అనుకునేదాన్ని. పోయిన ఏడాది మా ఇంట్లో జరిగిన ఒక సంగతితో ఆ అభిప్రాయం మారిపోయింది.

మేముండేది సంగారెడ్డిలో. మావారికి పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. మా అత్తమ్మకు మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. వారానికి రెండుసార్లు రామచంద్రాపురం వైపు ఒక ఆస్పత్రికి తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి. ఒకరోజు మాట్లాడుకున్న ఆటో రాలేదు. మావారు డ్యూటీలో ఉన్నారు. ఆమెను బస్సెక్కించి తీసుకెళ్ళేసరికి మా వంతు దాటిపోయింది. మర్నాటికి ఆమెకు కాళ్ళు పొంగాయి, ఆయాసం వచ్చింది. ఆ రాత్రి ఆమె మంచం పక్కన కూర్చుని, "ఇక కారు కొందాం. నడపడం నేనే నేర్చుకుంటాను" అన్నాను. నలభై ఆరేళ్ళ వయసులో! మావారు నవ్వలేదు. "నడిపేది నువ్వు కాబట్టి ఏ కారో నువ్వే తేల్చు" అన్నారు.

కరెంటు కారయితే క్లచ్చు, గేర్ల బాధ లేదు. నాలాగా ఆలస్యంగా నేర్చుకునేవాళ్ళకు అదే పెద్ద ఊరట. పైగా ఇదేమీ నిన్న పుట్టిన వింత కాదు. 2001లోనే బెంగళూరు నుంచి 'రేవా' అనే బుల్లి కారు వచ్చింది. ఇద్దరు పెద్దవాళ్ళు, వెనక ఇద్దరు పిల్లలు పట్టేవారు. సీసపు బ్యాటరీలతో సుమారు 80 కిలోమీటర్లు నడిచేది. ఇప్పటి కార్లలో లిథియం బ్యాటరీలు వచ్చాయి. మన జిల్లాలోని జహీరాబాదులో మహీంద్రా వారు కరెంటు ఆటోలు తయారుచేస్తున్నారు కూడా.

సరే, ఏది కొనాలి? షోరూములకు వెళ్ళక ముందు నేను పాల లెక్క రాసే పుస్తకంలో ఒక వారంపాటు మా తిరుగుళ్ళన్నీ రాశాను. ఆస్పత్రి రోజున పోనూ రానూ డెబ్భై కిలోమీటర్ల లోపు. మిగతా రోజుల్లో కూరగాయలు, బ్యాంకు, అమ్మాయి ట్యూషను అన్నీ కలిపినా పది దాటలేదు.

ఇక కంపెనీవాళ్ళ లెక్క చూద్దాం. 2023లో వచ్చిన ఎమ్జీ కామెట్‌లో 17.3 యూనిట్లు పట్టే బ్యాటరీ. ఒకసారి నింపితే 230 కిలోమీటర్లు అన్నారు. 2022లో వచ్చిన టాటా టియాగో ఈవీలో 19.2, 24 యూనిట్ల బ్యాటరీలు రెండు రకాలు. వాటికి 250, 315 కిలోమీటర్లని అప్పుడు ప్రకటించారు. 2024లో పంచ్ ఈవీని 25, 35 యూనిట్ల బ్యాటరీలతో తెచ్చి 315, 421 అన్నారు. ఇవి పరీక్షల్లో తేలే అంకెలు. ఎండాకాలం ఏసీ వేసుకుని, ముగ్గురం కూర్చుని, ముత్తంగి దగ్గర లారీల మధ్య ఆగుతూ పోయేటప్పుడు అంత రాదు. చెప్పినదాంట్లో మూడింట రెండు వంతులే వస్తుందని లెక్క వేసుకున్నాను. అలా చూసినా అన్నిటికన్నా చిన్న బ్యాటరీ మా ఆస్పత్రి ప్రయాణానికి రెట్టింపు సరిపోతుంది. ఇంట్లో పెద్ద గిన్నె ఉంది కదా అని రోజూ పదిమందికి వండము కదా! బ్యాటరీ సంగతీ అంతే.

రెండో ప్రశ్న, ఎవరు కూర్చుంటారు? ఇది కాగితాల్లో ఉండదు. అందుకే అత్తమ్మను షోరూముకు తీసుకెళ్ళాను. కామెట్ నాకు ఎంతో ముద్దుగా తోచింది. మూడు మీటర్ల లోపు పొడవు. ఏ సందులోనయినా తిరుగుతుంది. కాని పక్కలకు రెండే తలుపులు. ముందు సీటు వంచి వెనక్కి వెళ్ళాలి. అత్తమ్మ ఒకసారి చూసి, "బిడ్డా, గీ సందుల కెల్లి నేనెట్ల దూరాలె?" అంది. ముందు సీట్లో కూర్చోవచ్చు నిజమే. కాని డయాలసిస్ అయ్యాక ఆమెకు వెనక సీట్లో కాళ్ళు చాపుకొని ఒరగాలని ఉంటుంది. నాకు నచ్చిన కారు అక్కడితో జాబితాలోంచి పోయింది. అదే కారు, రోజూ ఒంటరిగా బడికి వెళ్ళొచ్చే మా పక్కింటి టీచరమ్మకు చక్కగా సరిపోతుంది. ఒకరి మంచి కారు మరొకరికి మంచిది కావాలని లేదు.

పంచ్ కాస్త ఎత్తుగా ఉంటుంది. మోకాళ్ళ నొప్పులవాళ్ళు వంగకుండా ఎక్కవచ్చు. 2024లో భారత్ ఎన్‌క్యాప్ ప్రమాద పరీక్షలో దానికి అయిదు నక్షత్రాలు వచ్చాయి. కంటైనర్ లారీల పక్కన నడిపేవాళ్ళం గనుక ఏ కారుకయినా ఈ ప్రశ్న అడగాలి. అయితే ధర కూడా ఎత్తే. విడుదలయిన రోజున కామెట్ 7.98 లక్షల దగ్గర, టియాగో 8.49 దగ్గర, పంచ్ 10.99 దగ్గర మొదలయ్యాయి. మేము మధ్యస్థంగా నాలుగు తలుపుల టియాగో తీసుకున్నాము.

మూడో ప్రశ్న ప్లగ్గు. దీని విషయంలో నేను పొరపాటు చేశాను. కారు వచ్చిన వారం వరండాలోని పాత ప్లగ్గు నుంచి ఎక్స్‌టెన్షన్ వైరు లాగి చార్జింగు పెట్టాను. తెల్లవారేసరికి ప్లగ్గు మాడి వాసన కొట్టింది! ఆ తర్వాత మీటరు నుంచి విడిగా లావు వైరు లాగించి, పదహారు ఆంపియర్ల ప్లగ్గు, దానికో ఎమ్‌సీబీ పెట్టించి, ఎర్తింగు సరిచేయించాము. కారు బయానా ఇచ్చేముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించుకోండి. అద్దె ఇంట్లోనో, అపార్టుమెంటులోనో ఉంటే ముందు అనుమతి అడగండి. ఇంటి దగ్గర ప్లగ్గు లేకపోతే ఏ కరెంటు కారయినా తలనొప్పే.

ఖర్చు మాట చెబుతాను. ఇరవై యూనిట్లకు నూట యాభై కిలోమీటర్లు నడిచిందనుకోండి. యూనిట్టు తొమ్మిది రూపాయలు పడినా కిలోమీటరుకు రూపాయిన్నర లోపే. లీటరు నూరు దాటిన పెట్రోలుతో ఆరు, ఏడు అవుతుంది. కాని కారు వాడిన యూనిట్లు ఇంటి బిల్లులోనే కలుస్తాయి. శ్లాబు మారితే ఫ్రిజ్జుకూ, ఫ్యానుకూ కూడా రేటు పెరుగుతుంది. ఇంకొకటి, 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం కరెంటు వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు 2026 డిసెంబరు 31 వరకు మినహాయించింది. మీరు కొనే నాటికి ఆ లెక్క ఎలా ఉందో అడగండి. బ్యాటరీకి ఎనిమిదేళ్ళ హామీ అంటారు. ఎన్ని కిలోమీటర్ల వరకో, ఏ షరతుల మీదో రాతలో చూసుకోండి.

కాబట్టి సోదరీమణులారా, మొదట మీ వారం రోజుల తిరుగుళ్ళు పుస్తకంలో రాసుకోండి. ఇంట్లో అందరికన్నా బలహీనంగా ఉన్నవాళ్ళను ఎక్కించి చూడండి. ప్లగ్గు చూపించుకోండి. రంగు చివర.

కారు వచ్చి ఎనిమిది నెలలయింది. అత్తమ్మ వంతు ఒక్కటీ తప్పలేదు. మొదట్లో దేవుళ్ళందరికీ మొక్కుతూ కూర్చునే ఆమె, ఇప్పుడు సంగారెడ్డి దాటకముందే వెనక సీట్లో నిద్రపోతోంది. నా డ్రైవింగుకు అంతకన్నా సర్టిఫికెట్టు ఏం కావాలి!

సెలవు.