ఇరుగుపొరుగు వైఫైల సామరస్యము

అపార్టుమెంటులలో వాటా వాటాకును ఒక వైఫై రౌటరు వెలసిన ఈ దినములలో, బిల్లు సక్రమముగా చెల్లించుచున్నను, సాయంసమయమున పిల్లల ఆన్‌లైన్ పాఠము నడుమ నిలిచిపోవుటకు పెక్కుసార్లు కారణము ఇరుగుపొరుగు రౌటర్ల తరంగములు ఒండొంటితో ఒరయుటయే.

2.4 గిగాహెర్ట్జ్ బ్యాండునందు ఛానెళ్లు పేరునకు 13. కాని ఒక్కొక్క ఛానెలు ప్రక్కదాని హద్దులోనికి చొచ్చుకొనిపోవును. ఒండొంటిని తాకకుండ వాడుకొనదగినవి మూడే: 1, 6, 11. ఒకే ఛానెలునందున్న రౌటర్లు పరస్పరము ఆలకించి, వంతులవారీగా సంకేతములను పంపును. నడుమనున్న 3వ ఛానెలు వంటిదానిని ఎన్నుకొన్నచో, అది ఇరుప్రక్కలవారికిని కేవలము రొదయే యగును.

మరి చేయవలసినదేమి? ఫోనులో వైఫై ఎనలైజరు ఆప్‌తో రద్దీ పరిశీలింపుడు. ఆ మూడింటిలో రద్దీ తక్కువైనదానిని రౌటరు సెట్టింగులలో ఎన్నుకొనుడు. ఛానెలు వెడల్పును 20 మెగాహెర్ట్జ్‌గానే ఉంచుడు. 40 చేసినచో బ్యాండులో సుమారు సగమును మీరే ఆక్రమించినవారగుదురు. టీవీని, ల్యాప్‌టాప్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చుడు. అది గోడలను అంతగా దాటజాలదు గనుక, పొరుగువారికిని బాధ తక్కువ. రౌటరును పొరుగింటి గోడకు ఆనింపక, ఇంటి నడుమ ఎత్తున నిలుపుడు.

మరల చెప్పుచున్నాను: ఛానెళ్లు 1, 6, 11. వెడల్పు 20. వీలైనచోట 5 గిగాహెర్ట్జ్. ఈ తరంగములు అందరి ఉమ్మడి సొత్తు. కావున మీ అపార్టుమెంటు సంఘసమావేశమున ఈ విషయమును చర్చించి, ఛానెళ్లను సామరస్యముగా పంచుకొనుడు.