కట్టు విడువక నమూనా మార్చుట
(సంఘ వార్షిక మహాసభయందు చదివిన యుపన్యాసము)



మేము మగ్గముకడ గూర్చుండుటకు అలవడినవారమే గాని వేదికపై నిలుచుటకు అలవడినవారము కాము. మాటలో పోగు తెగినచోట మీరే అతుకుకొనగలరని ప్రార్థన. నేతగాడు తన విద్యను వీడకుండ క్రొత్తదనమును సాధించుటెట్లో మాటలాడుడని కార్యదర్శిగారు సెలవిచ్చిరి. ఇందుకు శాస్త్రార్థము చెప్పజాలము. మన పూర్వులు చేసినదానిని, మా యింటి మగ్గముమీద జరిగినదానిని మాత్రము మనవి చేసెదము.

మన చిటికి నేత యొక్క జీవము దేనియందున్నది? పాత బొమ్మలయందని కొందరందురు. ఎరుపు, నలుపు, తెలుపు అను మూడు రంగులయందని మరికొందరందురు. ఈ రెండును సరికావని మా యభిప్రాయము. చీరాల తేలియా రుమాలును చూడుడు. ఆముదపు కాయల బూడిద నీటిలోను, నూనెలోను నూలును దినముల తరబడి తడిపి, ఆరబెట్టి, రంగు చక్కగ పట్టు గుణమును గలిగించి నేసిన గుడ్డ యది. సముద్రము దాటి అరబ్బు దేశములకు పోయినది. తొలుత నందున్నవి చదరములు, చుక్కలు, మెట్లు. పిదప సింహములు, ఏనుగులు వచ్చెను. ఇరువదవ శతాబ్దిలో గడియారములును విమానములును వచ్చెను! విమానమును నేసిన తాత విమాన మెక్కియుండడు. నెత్తిమీదుగ పోవుచుండగా తలయెత్తి చూచియుండును, అంతే. అతడు సంప్రదాయమును చెరచెనని నేడెవ్వరును అనరు.

చీరాలనుండి ఆ విద్య నల్లగొండ సీమకు వచ్చి పుట్టపాకయందును, పోచంపల్లియందును వేళ్లూనుకొన్నది. రుమాలు కట్టిన చేతులే చీరను కట్టినవి. నూలునకు తోడు పట్టు చేరినది. 2005లో పోచంపల్లి ఇక్కతునకును, 2020లో తేలియా రుమాలునకును భౌగోళిక గుర్తింపు లభించినది. ఇన్ని మారినను మారనిదొకటి గలదు. నేయుటకు ముందే, దారము దారముగ నున్నప్పుడే, బొమ్మ యంతయు దానిమీద కట్టబడవలెను. కట్టినచోట రంగు అంటదు; కట్టనిచోట అంటును. జంట కట్టు నేతలో పడుగున కొంత, పేకన కొంత దాగియుండి, రెండును కలిసినప్పుడు గాని బొమ్మ లేవదు. రంగు కట్టుక్రిందికి రవంత చొచ్చుటచేత అంచులు ఈకవలె చెదరి కనబడును. ఈ చెదరును సైతము నేడు మరగుడ్డలమీద అచ్చు వేయుచున్నారు! మన లోపమును గూడ దొంగిలించుచున్నారనిన, అది లోపము కాదని వారికి తెలిసినదన్నమాట.

ఇక మా తప్పిదమును చెప్పెదము. మా యౌవనమున నొక వర్తకుడు గుజరాతులోని పటాన్ పటోలా చీర నొకదానిని తెచ్చి, “దీనిని గీతకు గీత దింపుడు, ఎన్ని నేసినను కొనెదను” అనెను. మూడేండ్లు దింపితిమి. ఇల్లు గడచినది, అప్పు తీరినది, అబద్ధమాడనేల? మా తండ్రిగారు వలదనలేదు. కాని ఆ పడుగుమీద చేయి వేయలేదు. పిదప నొక ప్రదర్శనమున నొక వృద్ధురాలు మా చీరను చేతబట్టి, “నాయనా, ఇది ఏ యూరి చీర?” అని యడిగెను. మా యూరి పేరు చెప్పుటకు నోరు రాలేదు. పటాన్ పేరు చెప్పుటకు సిగ్గు వచ్చెను. ఆమె చీరను పదిలముగ మడిచి, బల్లపై నుంచి వెడలిపోయెను.

అయినను ఆ మూడేండ్లు వ్యర్థమని యనము. పడుగు పేకలను వెండ్రుకవాసి తప్పకుండ కలుపుట ఆ నకలుచేతనే మాకు పట్టువడినది. పరుల చీరను చూచి నేర్చుకొనుట చదువే. చదువు ముగిసిన పిదపను అచ్చటనే కూర్చుండుట మా దోషము.

అటుపిమ్మట తండ్రిగారి పెట్టెలోని పాత రుమాలును దీసి, దాని మెట్లచదరమును నాలుగింతలు పెంచి, పట్టుచీర కొంగునకు కట్టితిమి. మొదటి పడుగు చెడినది. కట్లు విప్పగా మెట్టుపై మెట్టు కూర్చుండలేదు. ఒక్క పడుగున పలు చీరలు వచ్చును గావున నష్టము ఒక్క చీరతో పోలేదు. రెండవ పడుగున కుదిరెను. తండ్రిగారు చాలసేపు నిలిచి చూచి, “లేవరా, కాసేపు నేను నేసెదను” అనిరి.

యంత్రము వచ్చిన కళ పోవునని కొందరి భయము. చీర యొక్కటికి ఆసు పోయుటకు మన స్త్రీలు మేకులచుట్టు చేతిని దాదాపు 9,000 మార్లు త్రిప్పవలసియుండెను. మా తల్లిగారు కడపటి దినములలో కుడిచేతితో అన్నము కలుపుకొనలేకపోయిరి. శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశముగారు తమ తల్లి బాధను చూడలేక ఆసు యంత్రమును కల్పించి, ఆమె పేర దానికి లక్ష్మి యని నామకరణము చేసిరి. 2017లో వారికి పద్మశ్రీ వచ్చినది. ఆ యంత్రము బొమ్మ నెంచదు, కట్టు కట్టదు. భుజమును మాత్రము విడిపించినది. దీనివలన కళ పోయెననువారు ఒక్క దినము చేతితో ఆసు పోసి, పిదప మాటలాడవలెను.

పోషకులతో నొక మనవి. విద్యార్థులకు మీరొసగు విరాళములు శ్లాఘనీయములు. కాని క్రొత్త నమూనాకు కట్టిన మొదటి పడుగు చెడినప్పుడు ఆ నష్టమెవరిది? నేతగాని దొక్కనిదే. అందుచేతనే తెలివిగల కుర్రవాడు అమ్ముడుపోవునని తెలిసిన బొమ్మనే పదేండ్లు కట్టుచున్నాడు, లేదా మగ్గము విప్పి పట్నమునకు పోవుచున్నాడు. వాని చేతిలో విద్య లేక కాదు, చెడగొట్టుకొనుటకు పడుగు లేక. ఏటా పది పడుగుల నష్టమునైనను సంఘము భరింపవలెనను తీర్మానము రేపటి సభకు వచ్చుచున్నది. దానిని బలపరుపుడని వేడుచున్నాము.

తండ్రిగారి రుమాలును, చెడిన పడుగులోని తునకను, కుదిరిన చీరను ప్రక్కగదిలో బల్లపై నుంచితిమి. చెడిన తునకనే ముందుగ చూడుడు. రుమాలును నూనెవాసన ఇంకను విడువలేదు. చేతులు కడిగికొని తాకవచ్చును. తాంబూలము వేసికొన్నవారు మాత్రము దూరమునుండియే చూడ ప్రార్థితులు.