తునికాకు కట్టయు, డిస్కుల వరుసయు



బస్తరు అరణ్యసీమలో, బిజాపూరు నుండి భోపాలపట్నమునకు పోవు మార్గమున మద్దేడు అను గ్రామము కలదు. అది ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునకు చెందినదైనను ఆ ప్రాంతమున తెలుగు పలుకు వినవచ్చుచునే యుండును. ఆ సీమలో వేసవి వచ్చినదన్న తునికాకు వచ్చినదన్నమాట. అడవిలో కోసిన ఆకును 50 చొప్పున కట్టలు కట్టి కల్లమునకు తెత్తురు. వేయి కట్టలైన ఒక ప్రమాణ సంచి యగును. నిండుకట్టను అప్పగించుట క్షణములో పని. కాని కట్టిన కట్టలో అయిదాకులు చెడినవని తేలినచో, దానిని విప్పవలెను, చెడినవి తీయవలెను, మంచివి చేర్చవలెను, లెక్కించి మరల కట్టవలెను. ఆ యైదాకుల శ్రమ క్రొత్తకట్ట శ్రమను మించును.

కంప్యూటరులో పెక్కు డిస్కులను ఒక్కటిగా కూర్చి పని చేయించునపుడు కలుగు జాప్యము సరిగా ఇట్టిదే. నేటి ప్రసంగమునకు విషయమును అదియే. సాహిత్యము చదివి కొలువులో చేరినవారు భయపడనక్కరలేదు. ఇందు కూడికను, తీసివేతను మించిన గణితము లేదు.

1988లో బర్క్‌లీ విశ్వవిద్యాలయమునకు చెందిన డేవిడ్ పాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ అను మువ్వురు ఒక పత్రమును ప్రకటించిరి. ఖరీదైన పెద్ద డిస్కునకు మారుగా చౌక డిస్కులను పెక్కింటిని జతపరచి, వానిలో ఒకటి చెడినను సమాచారము పోకుండ కాపాడవచ్చునని అందు చూపిరి. దీనికే రెయిడ్ అని పేరు. ఇంచుమించు ఆ దినములలోనే ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున ఎ. ఎల్. నరసింహారెడ్డిగారు, ప్రిత్విరాజ్ బెనర్జీగారితో కలిసి, పెక్కు డిస్కుల యమరికలపై 1989లో ఒక వ్యాసము వెలువరించిరి. ఆ పేరు వినగానే తెలుగు శ్రోతల చెవులు నిక్కబొడుచుకొనుట సహజము. ఈ పనికై ప్రత్యేకమైన కార్డును కొనుట యొక పద్ధతి. లినక్సు వంటి వ్యవస్థలో సాఫ్ట్‌వేరు చేతనే చేయించుట వేరొక పద్ధతి. రెండవదానిలో వ్యయము తక్కువ. కాని కొలతలు సరిచూచు బాధ్యత వాడువారిదే.

నాలుగు డిస్కులున్నవనుకొందురు గాక. మూడింటిలో 4, 7, 9 అను అంకెలను వ్రాసి, నాల్గవదానిలో వాని మొత్తము 20 వ్రాసిరి. మొదటి డిస్కు పాడైనచో 20 నుండి 7ను, 9ని తీసివేయగా పోయిన 4 దొరకును. నిజమునకు యంత్రము చేయునది కూడిక కాదు, సరి బేసి చూచు లెక్క. దానినే పారిటీ యందురు. ఫలము మాత్ర మిదియే. ఇపుడు 7ను 8గా మార్చవలసి వచ్చినది. పాత 7ను చదువవలెను, పాత 20ని చదువవలెను, 8 వ్రాయవలెను, 21 వ్రాయవలెను. ఒక్క అంకెకు నాలుగు పనులు. కట్ట విప్పుట యన్న నిదే. మూడంకెలును ఒకేసారి వచ్చినచో పాతవానిని చదువు పని యుండదు. మొత్తము కట్టి నాలుగింటిని వ్రాసి ముగింపవచ్చును.

కావున ఫైలు వ్యవస్థకు కట్ట కొలత తెలిసియుండవలెను. లినక్సులో ఒక్కొక్క డిస్కునకు పోవు తునుక, అనగా చంకు, సామాన్యముగా 512 కిలోబైట్లు. పై యమరికలో మూడు తునుకలు కలిసి 1536 కిలోబైట్ల వరుస యగును. ఎక్స్‌ట్4 అను ఫైలు వ్యవస్థ 4 కిలోబైట్ల గడులలో లెక్కించును గనుక దానికి తునుక 128 గడులు, వరుస 384 గడులు. డిస్కు విభాగము మొదలగు చోటును సరిగా నుండవలెను. పూర్వము విభాగములు 63వ సెక్టారు నుండి మొదలగుచుండెను. అది ఏ తునుకకును సరిపడదు. నేటి పరికరములు 2048వ సెక్టారున, అనగా సరిగా ఒక మెగాబైటు వద్ద, మొదలు పెట్టును.

ఎట్టి పని జరుగునో తెలియక ఈ కొలతలను నిర్ణయించుట వ్యర్థము. చిత్తూరు జిల్లా కాటూరున జన్మించి 1994లో ట్యూరింగ్ పురస్కారము నందిన రాజ్ రెడ్డిగారు పూనుకొన్న పదిలక్షల గ్రంథముల పథకమున హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ పాలుపంచుకొనెను; తెలుగు గ్రంథములెన్నో పుటపుటయు చిత్రములైనవి. పుట కొక ఫైలు. అట్టి సేకరణమున చిన్న ఫైళ్ళు లక్షలు పుట్టును. చిన్న వ్రాతలు మిక్కిలిగా నున్నచోట పారిటీ పద్ధతికన్న, ప్రతి తునుకకును రెండు ప్రతులుంచు రెయిడ్ 10 మేలు. నాలుగు పనులకు మారు రెండు వ్రాతలతో తీరును. సగము చోటు పోవును, నిజమే. ఒకసారి వ్రాసి పలుమారు చదువు పెద్ద ఫైళ్ళకు పారిటీయే చాలును.

పారిటీయే ఉంచుకొన్నచో, కట్ట నిండువరకు ఆకులను ఆపియుంచు చోటును పెంపవచ్చును. స్ట్రైప్ క్యాషి అను దానికి లినక్సులో మామూలు లెక్క 256. నాలుగు డిస్కులకు అది 4 మెగాబైట్ల జ్ఞాపకశక్తి మాత్రమే. 4096 చేసినను 64 మెగాబైట్లు. వ్రాత వేగము దీనితో తరచు హెచ్చును.

వేగమునకై చేయరాని పని యొకటి కలదు. డిస్కు నిజముగా వ్రాసినదో లేదో యని ఫైలు వ్యవస్థ ఆగి చూచు ఏర్పాటును బ్యారియర్ అందురు. దానిని తీసివేసిన పరీక్షలో అంకెలు ముచ్చటగా పెరుగును. ఆ అంకెలు చూచి మురియువారు కలరు. పై యుదాహరణమునే చూడుడు. 7 స్థానమున 8 వ్రాసిన క్షణమున, 21 వ్రాయకముందే, విద్యుత్తు పోయినది. డిస్కులన్నియు నిలిచియున్న, లినక్సు మొత్తములను మరల కట్టి సరిచేయును. కాని అదేవేళ మొదటి డిస్కు పోయినచో? 20లో 8ని, 9ని తీయగా 3 వచ్చును. అక్కడ నున్నది 4. ఆ దినమున ఎవ్వరును ముట్టని దస్త్రములో తప్పు పడినది. తప్పని చెప్పువారును లేరు. ఒకరి జీతపు పట్టిక సరిచేయుచుండగా వేరొకరి సర్వీసు పుస్తకము చెడినట్లు! ఈ కంత బ్యారియర్ ఉన్నను పూర్తిగా పూడదు. అది లేనిచో మఱింత వెడల్పగును. దీనిని పూడ్చుటకే 2016 నుండి లినక్సులో, వ్రాతను ముందుగా వేరొక పరికరమున నమోదు చేయు జర్నలు పద్ధతి వచ్చినది. అదియు సేకరణమునకు రెండవ ప్రతి కానేరదు.

మఱియొక సంగతి. నేటి ఫైలు వ్యవస్థలు ఏర్పడునపుడు వరుస కొలతను తామే యడిగి తెలిసికొనును. కాని రెండేండ్ల పిమ్మట చోటు చాలక నాలుగు డిస్కులను ఆరు చేసినచో, 384 అని నేర్చిన ఎక్స్‌ట్4 ఆ లెక్కనే పట్టుకొని యుండును. అపుడు ట్యూన్2ఎఫ్‌ఎస్ అను సాధనముతో 640 అని దానికి చెప్పవలెను.