పాత సైకిలుకు తగిన బ్రేకు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నాకన్న ముందు మాటలాడిన పెద్దలు 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడిన నాటినుండి జరిగిన కృషిని గూర్చి చక్కగ సెలవిచ్చిరి. నేను సైకిలు బ్రేకును గూర్చి చెప్పుటకు లేచితిని. కొందరు నవ్వుచున్నారు. కార్యదర్శిగారును మొదట నవ్విరి. సంగతి విన్న పిమ్మట, "అయితే పదునైదు నిమిషములు తీసికొనుడు మాస్టారూ" అనిరి.

సంగతి యిది. మన పఠనమందిరమునకు ప్రతి సాయంకాలము ప్రక్క పల్లెనుండి ఒక విద్యార్థిని వచ్చుచున్నది. ఉద్యోగ పరీక్షలకు చదువుకొనుచున్నది. వాళ్ళ తాతగారి సైకిలెక్కి వచ్చును. నల్లని పెద్ద సైకిలు, ఇనుప ఊచల బ్రేకులది. దానినే మనము రాడ్డు బ్రేకందుము. గడచిన వానకాలములో ఆ అమ్మాయి కుడికాలి చెప్పు మాత్రమే అరిగిపోయి యుండుట చూచి కారణమడిగితిని. బ్రేకులు పట్టుట లేదనియు, చెప్పును టైరుకు ఆనించి బండి నాపుచున్నాననియు చెప్పినది. నాకు గుండె జల్లుమన్నది. కాలు జారి పుల్లలలో ఇరుకుకొన్నచో ఏమి కానున్నదో చెప్పనక్కరలేదు.

పట్టణములో మూడు దుకాణములు తిరిగినదట. "ఈ బ్రేకులిప్పుడెక్కడివి? బండి తుక్కుకు వేసేయండి" అని చెప్పిరట. ఇంటిలోని వారు, "బ్రేకులేని బండి మీద చీకటిపడి రావడమెందుకు? చదువేదో ఇంట్లోనే చదువుకో" అనుచున్నారు. వారి భయము అన్యాయము కాదు. కాని ఇంటిలో వార్తాపత్రికలు లేవు, పుస్తకములు లేవు, ఒక మూల కూర్చుండుటకు చోటును లేదు. నాలుగు రబ్బరు ముక్కలు దొరకక మనకొక పాఠకురాలు తప్పిపోవు స్థితి వచ్చినది. అందుచేత ఇది గ్రంథాలయ విషయమే యని నేను కార్యదర్శిగారితో వాదించితిని.

మన కూడలి మీకు తెలియనిది కాదు. కలకత్తానుండి చెన్నపట్నము పోవు రాజమార్గము మన ముంగిటనే యున్నది. నిన్నమొన్నటి 5వ నంబరు జాతీయ రహదారియే ఇప్పుడు 16వ నంబరైనది. పెందుర్తి మీదుగ అనకాపల్లి పోవు బాట ఇచ్చటనే చీలును. వెనుకటి దినములలో తెల్లవారకముందే బంతి, చేమంతి గంపలు కట్టుకొని సైకిళ్ళు మన పూల సంతకు వరుసగ వచ్చుచుండెడివి. ఇప్పుడు పూలు ఆటోలలో వచ్చుచున్నవి. సైకిళ్ళు తగ్గినవి, లారీలు పెరిగినవి. కావున మిగిలిన సైకిలువానికి బ్రేకు అవసరము మునుపటికన్న హెచ్చినదే గాని తగ్గలేదు.

నేనీ విషయమున పండితుడను కాను, పడినవాడను. ఈ గ్రంథాలయము పెట్టిన తొలి సంవత్సరమున విశాఖపట్టణములో ఒక మిత్రులు రెండు కట్టల పుస్తకములు దానమిచ్చిరి. మా నాయనగారి సైకిలు వెనుక కట్టుకొని బయలుదేరితిని. అంతకు ముందు దినముననే ఒక దుకాణములో బ్రేకు రబ్బర్లు క్రొత్తవి వేయించితిని. హనుమంతవాక దాటితిని, ఎండాడ మెట్ట ఎక్కితిని. మధురవాడ వైపు దిగుచుండగా చినుకులు పడినవి. ముందు బ్రేకు నొక్కితిని. ఒక్క క్షణము పట్టినది. పిమ్మట చేతిలో పిడి వట్టిగా వచ్చినది. రబ్బరు దాని ఇనుప తొడుగులోనుండి జారి రోడ్డున పడినది. వెనుక బ్రేకు తడిసిన రిమ్ము మీద జారుచునే యున్నది. ఎదుట లారీ. నేను హ్యాండిలును ప్రక్కకు త్రిప్పి కాలువలోనికి పోయితిని. మోకాలు చీలినది. ఆ పుస్తకములలో కొన్నిటి అట్టలమీద బురద మరకలు నేటికిని చూడవచ్చును. ఎవరో పాఠకులు పాడుచేసిరని కొందరు గుమాస్తాగారితో అనుచుందురు. ఆ పాపము నాది.

మరునాడు మన కూడలిలో చెట్టుక్రింద పనిచేయు ఒక ముసలి మేస్త్రికి బండి చూపితిని. ఆయన తొడుగును వ్రేళ్ళతో తడిమి, "రబ్బరు బాగానే ఉంది మాస్టారూ. తొడిగినోడు చక్రం ఎటు తిరుగుతాదో సూడనేదు" అనెను.

ఆ తొడుగునకు ఒక కొన తెరచి యుండును, ఒక కొన మూసి యుండును. రబ్బరును తెరచిన కొననుండి లోనికి దూర్తురు. బ్రేకు పట్టినప్పుడు తిరుగుచున్న రిమ్ము రబ్బరును తనతో ఈడ్చుకొని పోవ చూచును. ఈడ్చు దిక్కున మూసిన కొన యున్నచో రబ్బరు నిలుచును. తెరచిన కొన యున్నచో ఊడి వచ్చును. ముందు చక్రమునకైతే మూసిన కొన ముందుకుండవలెను. వెనుక చక్రమునకు ఊహించుట వద్దు. చక్రమును చేతితో ముందుకు త్రిప్పి, రబ్బరు దగ్గర రిమ్ము ఎటు పోవుచున్నదో చూచి, ఆ వైపునకు మూసిన కొన పెట్టవలెను. ఈ పనికి అర నిమిషము చాలును. ఆ అర నిమిషము మిగుల్చుకొన్న దుకాణము పేరు నేను చెప్పను. ఆ దినమున అచ్చట రద్దీగా నుండెను.

ఆ పడుటతో నాకు రాడ్డు బ్రేకుమీద విశ్వాసము పోయినది. పట్టణమునకు పోయి వైరు బ్రేకు కొనితెచ్చితిని. రిమ్మును రెండు ప్రక్కలనుండి పటకారువలె పట్టునది. మేస్త్రి దానిని చూచి చేతికి కూడ తీసికొనలేదు. "ఏటి మాస్టారూ, రిమ్ము సూడకుండ బ్రేకు కొనీసినారేటి?" అనెను.

ఈ ఒక్కమాట కొరకే నేనింత దూరము మిమ్ముల నడిపించితిని. పాత సైకిలుకు బ్రేకు వెదకువాడు బ్రేకును గాక ముందు రిమ్మును చూడవలెను. అవి రెండును జంటగ పుట్టినవి. రాడ్డు బ్రేకు రబ్బర్లు రిమ్ము ప్రక్కలను ముట్టవు. లోపలి ముఖమును, అనగా ఇరుసు వైపు చూచు ముఖమును, పుల్లల వరుసకు ఇరుప్రక్కల నొక్కును. పిడి నొక్కినప్పుడు ముందు బ్రేకు పైకి లేచును. వెనుక బ్రేకు ముందుకు లాగబడును. దీనికొరకు చేసిన రిమ్మును వెస్ట్‌వుడ్ రిమ్మందురు. దాని ప్రక్కలు గుండ్రముగ చుట్టబడి యుండును. వైరు బ్రేకునకు కావలసినది ప్రక్కలు చదునుగ గోడవలె నుండు రిమ్ము. వెస్ట్‌వుడ్ రిమ్మును వైరు బ్రేకు పట్టుకొన్నచో రబ్బరు నూలుపోగంత మేర మాత్రమే ఆనును. పైకి జారిన టైరును కోయును, క్రిందికి జారిన పుల్లలలో పడును. చదును రిమ్మునకు రాడ్డు బ్రేకు పెట్టినచో లోపలివైపున దానికి ఆనుటకు చోటు దొరకదు.

ఇప్పటి పిల్లల సైకిళ్ళకు వచ్చు తక్కిన బ్రేకుల మాట చెప్పనేల? వి-బ్రేకునకు ఫోర్కుమీద రెండు ములుకులు అతికి యుండవలెను. పళ్ళెపు బ్రేకునకు దానిని బిగించు చెవులుండవలెను. పాత ఫ్రేమునకు ఇవేవియు లేవు. లేనిచోట అతికింతునని చెప్పు వెల్డింగు వీరులు మన రోడ్డు పొడుగున ఉన్నారు. పలుచని పాత గొట్టమునకు ఆ వేడి తగిలించుట నాకు సమ్మతము కాదు.

వైరు బ్రేకు క్రొత్తదియు కాదు, రాడ్డు బ్రేకు మోటుదియు కాదు. డన్‌లప్ గాలి టైరు 1888లో వచ్చినది. అంతకు ముందు గరిటెవంటి బ్రేకు నేరుగ టైరును నొక్కెడిది. గాలి టైరు ఆ రాపిడికి తాళలేదు గనుక బ్రేకును రిమ్ముమీదికి మార్చవలసి వచ్చినది. తొడుగులో కదలు తీగకు బౌడెన్ అను నతడు 1896లోనే పేటెంటు పొందెను. అయినను మన దేశములో ఊచల బ్రేకే నిలిచినది. 1949లో మద్రాసులో స్థాపించిన టి.ఐ. సైకిల్సు, 1951లో సోనీపట్టులో పుట్టిన అట్లాసు, 1956లో లూధియానాలో మొదలైన హీరో, ఇవన్నియు ఈ నల్లని సైకిలును ఊరూరికి చేర్చినవే. నా తలంపున దీనికి కారణము మన వాడుకయే. తీగ తొడుగులోపల తుప్పుపట్టి ఒకనాడు చెప్పకుండ తెగును. ఊచ తుప్పు కంటికి కనబడును. వంగినచో కమ్మరి సుత్తితో సరిచేయును. సముద్రపు గాలి తగులు మన ప్రాంతమున ఇది చిన్న విషయము కాదు.

ఇక కొలతలు. మన పెద్ద సైకిలు టైరుమీద 28 × 1½ అని యుండును. క్రొత్త టైర్లమీద 40-635 అనియు ఉండవచ్చును. ఆ 635 అనునది టైరు కూర్చుండు చోట రిమ్ము వ్యాసము, మిల్లీమీటర్లలో. దుకాణదారు 28 అంగుళములదే యని మరియొక చక్రము నీయవచ్చును. దానిమీద 622 అని యుండును. రెండును 28 అనియే పిలువబడును. తేడా 13 మిల్లీమీటర్లు, వ్యాసార్ధమున ఆరున్నర. చక్రము ఫ్రేములో చక్కగ ఇమిడి తిరుగును, బ్రేకు మాత్రము రిమ్మునకు సరిగ కుదరదు. 26 అంగుళముల చక్రములలో మోసమింకను పెద్దది. 26 × 1⅜ అనునది 590. కొండ సైకిళ్ళ 26 అనునది 559. కనుక అంగుళముల అంకె నడుగవద్దు, ఈ మూడంకెల సంఖ్య నడుగుడు. వైరు బ్రేకు వేయు సైకిలైనచో బోల్టు రంధ్రపు నడిమినుండి రిమ్ము ప్రక్కగోడ నడిమివరకు కొలిచి, అంత పొడుగు చేతులున్న బ్రేకునే కొనవలెను.

రాడ్డు బ్రేకులు అసలు దొరకవనుట సరికాదు. ఆ నమూనా నల్లని సైకిళ్ళు లూధియానాలో నేటికిని తయారగుచున్నవి గనుక రబ్బర్లు, తొడుగులు, ఊచలు వచ్చుచునే యున్నవి. అద్దాల దుకాణములలో వెదకిన కనబడవు. గడ్డిమోపులు, పాలబిందెలు మోయు సైకిళ్ళు బాగుచేయు చోట్ల అడుగవలెను. ఇంగ్లీషు బండియైనను మన బండి దాని అచ్చునుండి వచ్చినదే గనుక పెక్కుమారులు సరిపోవును. అయినను పాత తొడుగును చేతపట్టుకొని పోయి ప్రక్కన పెట్టి చూచుకొనుట మేలు.

బ్రేకు క్రొత్తదైనను రిమ్ము తుప్పుపట్టి గరుకెక్కినచో రబ్బరును ఆకురాయివలె తినివేయును. రిమ్ము మార్చవలసి వచ్చినచో రంధ్రములు లెక్కపెట్టుడు. మన సైకిలుకు ముందు 32, వెనుక 40 పుల్లలు. 36 రంధ్రముల రిమ్ము తెచ్చినచో పాత హబ్బునకు కుదరదు. హబ్బులోపలనే బ్రేకుండు డ్రమ్ము చక్రము వేయించుకొనదలచిన వారికిని ఈ లెక్కయే చిక్కు. పైగా దాని చేతిని ఫోర్కుకు గట్టిగ బిగింపవలెను, ఫోర్కు కాళ్ళ నడిమి ఎడమును కొలువవలెను. డబ్బుండి, వానలో నిత్యము తిరుగువారికి అది మంచిదే. తడి దానికి చేరదు. తక్కినవారు రబ్బర్లతో పోవు పనికి చక్రము మార్చనక్కరలేదు.

వాన మాట వచ్చినది గనుక దానినిగూడ చెప్పెదను. నికెలు, క్రోమియము పూత వేసిన ఉక్కు రిమ్ము తడిసినచో రబ్బరు దానిమీద జారును. క్రొత్త రబ్బరైనను జారును. కావున వానలో ఆగవలసిన చోటికి చాల ముందుగనే బ్రేకును తేలికగ ఆనించి నీటిని తుడువనిచ్చి, పిమ్మట గట్టిగ నొక్కవలెను. వెనుక బ్రేకునే నమ్మరాదు. ఆగునప్పుడు బరువు ముందు చక్రముమీదికి వచ్చును గనుక ఎక్కువ పట్టు ముందు బ్రేకుదే. ఊచల కీళ్ళకు నూనె వేయవలెను. రిమ్ముకు నూనె తగిలినదా, ఆ దినమున నడచియే పోవుడు.

ఆ అమ్మాయి సైకిలు సంగతి చెప్పి ముగించెదను. రిమ్ములు చూచితిమి, వెస్ట్‌వుడ్ రిమ్ములే, తుప్పు పైపూతవరకే యున్నది. రబ్బర్లు రాయివలె గట్టిపడి యున్నవి. వెనుక ఊచ ఒకటి కీలు దగ్గర విరిగి తీగతో కట్టబడి యున్నది. నాలుగు రబ్బర్లు, తొడుగులు మేస్త్రి పెట్టెలోనే దొరకినవి. ఊచ కొరకు మాత్రము ఉక్కు చేయు నగరము ప్రక్కనే కాపురముండియు మూడు వారములు తిరిగితిమి. తుదకు తగరపువలసలో ఒక పాత ఇనుము కొట్టులో దొరకినది. రబ్బరునకు రిమ్మునకు నడుమ రెండు మూడు మిల్లీమీటర్ల సందుంచి బిగించితిమి. బండిని నడిపించుచు ముందు పిడి నొక్కి నెట్టితిమి. వెనుక చక్రము లేచినది. వెనుక పిడి నొక్కి నెట్టితిమి. చక్రము తిరుగక నేలమీద ఈడ్చుకొనెను. నిన్న సాయంకాలము వాళ్ళ నాయనగారే స్వయముగ దానిమీద గ్రంథాలయము దాక వచ్చి, మెట్లదగ్గర రెండుమారులు ఆపి చూచుకొని, ఏమియు అనక బండిని కూతురి చేతికిచ్చి నడచి వెళ్ళిరి.

మేస్త్రియు నేనును వచ్చు ఆదివారము ఉదయము గ్రంథాలయపు అరుగుమీద నుందుము. పాత సైకిళ్ళున్నవారు తెచ్చుకొనుడు. రబ్బర్ల ఖరీదు ఎవరిది వారే పెట్టుకొనవలెను, స్పానరు మాది.